పందెంలో లెక్కకురాని పరుగు

“ఇంత దూరం పరుగు పందెం ఈ బస్తర్ గడ్డ మీద జరగడం ఇదే మొట్టమొదటిసారి!” అని మైకులో ఎవరో పెద్దమనిషి గొంతు చించుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

కిరండూల్ గనిలో మా అబ్బాయి పని చేస్తున్నాడు. ఆ రోజు పందెంలో మా మనవరాలు కూడా ఉంది. ముసలివాణ్ణని నన్ను షామియానా కింద కూర్చోబెట్టి, చేతికి ఒక గ్లాసు గ్లూకోజు నీళ్లు ఇచ్చారు. మనవరాలు ఇటు రాగానే అందించాలట, ఫోటో తీస్తారట. ఆ పిల్ల ఎర్రటి దుమ్ములో రొప్పుతూ వచ్చింది. గ్లాసు అందించాను. ఫోటో సరిగా రాలేదని దాన్ని ఆపి మళ్లీ అందించమన్నారు. మళ్లీ అందించాను. వెనకున్న ఇద్దరు ముందుకు పోయారు. చివర్లో దండలు మాత్రం పొద్దుటి నుంచీ కుర్చీల్లోంచి లేవనివాళ్ల మెడల్లో పడ్డాయి.

మొదటిసారట! బస్తర్ సంస్థానంగా ఉన్న రోజుల్లో దోర్నాపాల్ నుంచి కుంట దాకా ఒక పందెం జరిగింది. అందులో ఎవరు ముందు, ఎవరు వెనక అని పుస్తకంలో రాసిన మున్షీని నేనే. లేచి ఆ మాట చెబుదామనుకున్నాను. చెబితే నన్ను కూడా మైకు దగ్గరికి లాక్కుపోయి తీపి జ్ఞాపకాలు చెప్పమంటారు. గ్లాసు బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాను. వచ్చినప్పటి నుంచీ ఆ పందెం రోజు చూసిన ఒకామె కళ్లముందు తిరుగుతోంది. ఆమె పేరు రాయను. రాస్తే రేపు ఎవడో ఒకడు ఆ పేరుతో ఒక కప్పు పెడతాడు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. భద్రాచలం వైపు నుంచి వెళ్లి ఎర్రబోరు అటవీ నాకాలో మున్షీగా చేరాను. నాకా అంటే రోడ్డుకు అడ్డంగా ఒక వెదురు బొంగు, పక్కన ఒక పాక. అడవిలోంచి ఇప్పపువ్వు, చింతపండు, సారపలుకులు తెచ్చేవాళ్లు ఆ బొంగు దగ్గర ఆగాలి, నేను చీటీ రాయాలి. రాసే ముందు ప్రతి బుట్టలోంచి ఒక దోసెడు తీసుకోవడం నాకు ముందున్న మున్షీ నేర్పి వెళ్లిన పద్ధతి. ఎవరూ ఏమీ అనేవారు కాదు. వాళ్లు ఇష్టపడే ఇస్తున్నారని నేను అనుకునేవాణ్ణి. అంత గొప్ప తెలివి నాది.

ఆమె మొదటిసారి సారపలుకుల బుట్టతో వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. పొడుగ్గా, ఎండిపోయినట్టు ఉండేది. చేతులు మాత్రం మోచేతుల దాకా పాలిపోయి ఉండేవి, అస్తమానం కడుక్కోవడం వల్ల. నేను అలవాటుగా బుట్టలో చెయ్యి పెట్టాను.

“చెయ్యి దీయి,” అంది.

తీశాను, దోసెడు పలుకులతో సహా. ఆమె బుట్ట ఎత్తి నా బల్ల మీద, రిజిస్టరు మీద, సిరాబుడ్డి మీద మొత్తం బోర్లించింది.

“నీ చెయ్యి పడ్డది గద. ఇగ మేం తినం. మొత్తం నువ్వే తిను,” అంది. మొహం పక్కకు తిప్పి “ఛీ” అంది. ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వలేదు. నవ్వితే బాగుండేది. నాకు కోపం వచ్చింది. సిపాయిని పంపించి ఆమెను పిలిపించాలనుకున్నాను. పిలిపిస్తే మళ్లీ ఆ “ఛీ” వినాలి. సాయంత్రం దాకా కూర్చుని సిరాలో తడిసిన పలుకులు ఏరుకున్నాను. అవి తినలేదు, పారేయనూ లేదు. వారం తర్వాత చీమలు పట్టుకుపోయాయి.

రెండోసారి వచ్చినప్పుడు బుట్ట దూరంగా దించి, “ముందు చేతులు కడుక్కో, మున్షీ. రాసేటందుకు గూడ,” అంది. కడుక్కున్నాను. ఆ తర్వాత నేను ఎవరి బుట్టలోనూ చెయ్యి పెట్టలేదు. బుద్ధి వచ్చి మానేశానని చెప్పుకోవచ్చు కానీ, అది అబద్ధం. ఆమెకు భయపడి మానేశాను.

ఊళ్లో ఆమె గురించి నవ్వుకోని వాళ్లు లేరు. ఏ వస్తువైనా వాసన చూడందే ముట్టుకునేది కాదు. సంతలో కొన్న ఉప్పును వాసన చూసేది, కొత్త కుండను చూసేది, పక్కింటివాళ్లు ఇచ్చిన నిప్పును కూడా చూసేదని చెప్పుకునేవారు. ఆకుదొప్పను మూడుసార్లు కడిగి, నాలుగోసారి అనుమానం వచ్చి పారేసేది. ఎంగిలి చేత్తో కుండలో నీళ్లు ముంచాడని మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి వచ్చిందట. ఇది నిజమేనా అని ఒకసారి నవ్వుతూ అడిగాను.

“ఒక్కసారి ముంచితె ఓర్సుకున్న,” అంది. “మూడుసార్లు ముంచిండు.”

పెద్దాచిన్నా లేకుండా అందర్నీ నువ్వు అనేది. ఇంకో వింత, ఆమె సర్కారు రోడ్డు మీద నడిచేది కాదు. రోడ్డు పక్కన గడ్డిలో, తుప్పల్లో, ముళ్లు గీసుకుంటూ నడిచేది. రోడ్డు దాటాల్సి వస్తే ఒక్క గెంతులో దాటేది.

“ఏంది, ఇంత సాఫు రోడ్డుండగా ముళ్లల్లో నడుస్తావు?” అన్నాను.

“మా నాయిన తోటి ఏయించిన్రు దాన్ని, తిండి గూడ బెట్టకుంట. దాని మీద కాలు బెడితె నాకు వాంతికొస్తది.”

ఆ తండ్రి రోడ్డు వేసి ఊరుకోలేదు. వెట్టి కూడా మోశాడు. ఇప్పటివాళ్లకు ఆ మాట తెలియదు కాబట్టి చెబుతాను. అధికారి అడవుల్లో తిరుగుతుంటే అతని డేరాలు, మంచాలు, కుర్చీలు, వంటపాత్రలు అన్నీ ఊరివాళ్లే నెత్తిన పెట్టుకుని పక్క ఊరి పొలిమేర దాకా మొయ్యాలి. అక్కడ ఆ ఊరివాళ్లు అందుకుంటారు. కూలి లేదు, గింజ లేదు. వెట్టి ఎప్పుడో తీసేశారని అనేవారు. తీసేసిన సంగతి డేరాలకు తెలియదు. ఊరి పటేల్ వంతులు వేసేవాడు. ఆ వంతు మనిషి పేరున ఉండదు, పొయ్యి లెక్కన ఉంటుంది. ఏ ఇంట్లో పొయ్యి వెలుగుతుందో ఆ ఇంటి నుంచి ఒక మనిషి రావాలి. ఆమె తండ్రి ఒక వానాకాలం అలా బరువు మోసుకు వెళ్లి నాలుగో రోజు రక్తం కక్కుతూ తిరిగొచ్చాడు. మళ్లీ లేవలేదు.

మిగిలింది తమ్ముడు లచ్చయ్య. పంతొమ్మిదేళ్లవాడు. తల్లి చిన్నప్పుడే పోతే ఆమే పెంచింది. వాడు వెట్టి నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ ఆమె వాణ్ణి గుమ్మంలో కూర్చోబెట్టి, మెడ వెనక ఎముకలు ఒక్కొక్కటే వేలితో నొక్కి చూసేది. నేను రెండు మూడుసార్లు చూశాను. వాడు సిగ్గుపడి తల విదిలించేవాడు. “ఆగరా, నాయినకు ఈడనే వంగింది,” అనేది.

ఆ చలికాలం ఎర్రబోరులో పెద్ద దొర, అంటే సంస్థానపు పెద్ద అధికారి, మకాం వేశాడు. ఊళ్లో కోళ్లన్నీ అయిపోయాయి. దొరకూ అతని చుట్టాలకూ స్నానాలకు వాగు నుంచి నీళ్లు మోసి మోసి ఆడవాళ్ల చేతులు బొబ్బలెక్కాయి. ఒక రాత్రి భోజనాల తర్వాత చుట్టపు దొర ఒకడు, ఈ అడవి జనం లేళ్లలా పరుగెత్తుతారటగా అన్నాడు. వెనక పులి ఉంటే తప్ప వీళ్లు కదలరు అన్నాడు ఇంకొకడు. మాటా మాటా పెరిగి పందెం కట్టుకున్నారు. సంతలో ఎడ్ల పళ్లు చూసినట్టు మనుషుల పిక్కల గురించి మాట్లాడుకున్నారు. నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడి, వాళ్లు నవ్వినప్పుడల్లా నవ్వాను.

పందెం ఏమిటంటే, ఊరికొకడు చొప్పున దోర్నాపాల్‌లో బయలుదేరాలి, ఎర్రబోరు మీదుగా కుంట చేరాలి. గెలిచినవాడికి జన్మంతా వెట్టి మాఫీ. అది విన్నాక ఊళ్లలో ఎవరికీ నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆమె నాకాకు వచ్చింది. బుట్ట లేదు.

“గెలిస్తె వెట్టి మాఫీ అంట. నిజమేనా?”

“నిజమే. నా ముందే అన్నాడు దొర.”

“మాఫీ మనిషికా, పొయ్యికా?”

అసలు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. చదువుకున్న నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. నేను ఏదో చీటీ రాస్తూ, “ముందు గెలవనీ, తర్వాత సంగతి తర్వాత,” అన్నాను.

“అట్ల గాదు. దొర మాట నీకే ఎరుక. నువ్వడుగు. పొయ్యికి మాఫీ అని రాయించు.”

“సరేలే, అడుగుతాను.”

“చేతులు కడుక్కొని అడుగు,” అంది.

అడగలేదు. దొర ముందుకు వెళ్లినప్పుడల్లా సలాం కొట్టి పక్కకు తప్పుకునేవాణ్ణి. ఇవాళ అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటుండగానే మూడు వారాలు గడిచిపోయాయి.

ఆ మూడు వారాలూ ఆమె లచ్చయ్యను వాగు ఇసుకలో పరుగెత్తించింది. రోజూ పొద్దున్నే వాడి పిక్కలకు ఇప్పనూనె మర్దనా చేసి, గట్టు మీద నిలబడి తిట్టేది. మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. “ఉరుకుతున్నవా, పేడ తొక్కుతున్నవా?” అనేది. వాడు నోరు తెరిచి రొప్పితే, “నోరు ముయ్యి, ఈగలు పోతయి” అనేది. వాడికి మాత్రం ఆ తిట్లు వింటుంటేనే కాళ్లు కదిలేవి. ఆమె తిట్టడం ఆపితే వెనక్కి తిరిగి చూసేవాడు.

పందెం రోజు నా పని సైకిలు మీద వెంట వెళ్తూ ఎవరు ఎక్కడ ఉన్నారో రాసుకోవడం. సూర్యోదయానికి దోర్నాపాల్‌లో పదిహేడు మంది బయలుదేరారు. ఎర్రబోరు చేరేసరికి పదకొండు మంది మిగిలారు. లచ్చయ్య మూడోవాడు. ఊరంతా రోడ్డు మీదికి వచ్చి అరుస్తున్నారు. ఆమె అరవలేదు. వెదురు బొంగు పక్కన, గడ్డిలో, జావ పోసిన సొరబుర్ర పట్టుకుని నిలబడి ఉంది.

“మూడోవోడివా? థూ! ముందటోళ్ల దుమ్ము తాగినవ్ గద, కడుపు నిండిందా?” అంది. అని వాడితోపాటు పరుగు మొదలుపెట్టింది.

వాడు రోడ్డు మీద, ఆమె పక్కన తుప్పల్లో. ఎర్రబోరు నుంచి కుంట దాకా ఎవరూ ఆమెను పరుగెత్తమనలేదు. ఆమెకు ఏ బహుమతీ లేదు. నా పుస్తకంలో ఆమెకు గడి కూడా లేదు. అయినా ఆమె అడుగు వెనకబడలేదు. పరుగెత్తుతూనే బుర్రలోంచి ఒక గుక్క తాను నోట్లో పోసుకుని, పులిసిందేమోనని చూసి ఉమ్మేసి, మిగతాది వాడి దోసిట్లో పోసేది. నేను ఉత్సాహం వచ్చి సైకిలు గంట కొడితే, “ఆపు నీ గంట! వాడి ఊపిరి జెదురుతది,” అని కసిరింది. ముందున్నవాడి కాళ్లను తిట్టింది, దొరను తిట్టింది, ఎండను తిట్టింది. మధ్యలో ఒక వాగు దగ్గర లచ్చయ్య, “అక్కా, ఇగ నాతోటి గాదు,” అన్నాడు. “గాకపోతె కూసో. రేపు దొర మంచం మోద్దువుగాని,” అంది. వాడు కూర్చోలేదు. ఆ తర్వాత కాసేపటికి ఒకణ్ణి దాటాడు. కుంటకు ఇక మూడు మైళ్లు ఉందనగా రెండోవాణ్ణీ దాటాడు. నేను పుస్తకంలో వాడి పేరు పైన రాసుకున్నాను. సంతోషంతో దాని కింద గీత కూడా గీశాను.

అక్కడ రోడ్డు పక్కన, దొర సామాన్లను కుంట మకాంకు మోయిస్తున్న జమాదారు నిలబడి ఉన్నాడు. పక్కన దొర దొడ్డికుర్చీ.

అదేమిటో చెప్పక తప్పదు. దొర అడవిలో చెంబు పట్టుకుని వెళ్లడు. టేకు కుర్చీకి నడుమ కంత, కింద పింగాణీ పళ్లెం, పైన మూత. అది కూడా మకాం నుంచి మకాంకు మోయాలి. దాన్ని మోసే పాకీమనిషి జ్వరంతో చెట్టు కింద పడి మూలుగుతున్నాడు. మిగతా బరువులవాళ్లు దాన్ని ముట్టుకోకుండా ముందుకు వెళ్లిపోయారు. ముట్టుకుంటే వాళ్లలో కులం తప్పినట్టే. విందు పెట్టి శుద్ధి చేయించుకునే దాకా ఎవరూ వాళ్ల చేతి నీళ్లు తాగరు, పిల్లనివ్వరు. పొద్దున వాడిన కుర్చీ అది. పళ్లెం సరిగా కడగలేదు. ఈగలు ముసురుతున్నాయి.

“ఏయ్, రుకో!” అన్నాడు జమాదారు. “కుంటకేగా ఉరుకుతున్నవ్? ఇది గూడ తీస్కపో.”

లచ్చయ్య ఆగాడు.

ఆగి తల వంచాడు. నా జీవితంలో అంతకంటే రోతగా ఉన్న దృశ్యం నేను చూడలేదు. ఆ కుర్చీ కాదు, ఆ వంగిన తల. వెట్టి తప్పించుకోవడానికి పొద్దుటి నుంచీ ప్రాణాలు పెట్టి పరుగెత్తినవాడు, కర్ర పట్టుకున్నవాడు ఒక్క మాట అనగానే బరువు కోసం తల వంచాడు. ఆలోచించలేదు. వాడి ఒంటికి అలా అలవాటైపోయింది. దూరంగా మలుపులో వెనకున్నవాడు కనిపిస్తున్నాడు.

మరి నేనేం చేశాను? సైకిలు ఆపి ఒక కాలు నేల మీద పెట్టాను. “ఇతను పందెంలో ఉన్నాడు, దొర హుకుం,” అని ఒక్క ముక్క అంటే చాలు. జమాదారు నాకంటే పెద్ద ఉద్యోగి కూడా కాదు. నేను పుస్తకం తెరిచి ఏదో రాసుకుంటున్నట్టు నటించాను.

ఆమె తుప్పల్లోంచి రోడ్డు మీదికి వచ్చింది. రెండు పాదాలూ రోడ్డు మీద పెట్టి, లచ్చయ్య జుట్టు పట్టుకుని తల పైకి లేపింది.

“తల ఎందుకు దించినవ్ రా? ఎవడు దించమన్నడు? ఉరుకు!”

“అక్కా, జమాదారు...”

“జమాదారుకు నేనున్న. ఉరుకు. ఎనక జూస్తె సంపుత!”

వాడు పరుగెత్తాడు. ఆమె కొంగు చుట్టి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. కుర్చీ రెండు కాళ్లూ పట్టుకుని తానే ఎత్తుకుంది. జమాదారు ముక్కు మూసుకుని రెండు అడుగులు వెనక్కి వేశాడు. నిప్పును కూడా వాసన చూసే మనిషి! నాలుగడుగులు నడిచి, తలమీద కుర్చీ అలాగే పట్టుకుని, మెడ పక్కకు తిప్పి వాంతి చేసుకుంది. భుజానికి మూతి తుడుచుకుంది.

“నువ్వు నిలబడ్డవేంది, మున్షీ? వాడి పక్కకు పో. ఎవడన్న పిలిస్తె మళ్ల ఆగుతడు వాడు,” అంది.

సైకిలు తొక్కాను. ఆ మూడు మైళ్లూ లచ్చయ్య పక్కన ఉండి, “ఆగకు, ఆగకు,” అని అరిచాను. తిట్టడానికి కూడా ప్రయత్నించాను కానీ నా తిట్లు వాడికి పనిచేయలేదు. కుంటలో శబరి ఒడ్డున దొర మకాం ముందు అడ్డంగా తాడు కట్టారు. లచ్చయ్య ఆ తాడు మీద పడిపోయాడు. గెలిచాడు.

దొరలు చప్పట్లు కొట్టారు. పందెం నెగ్గిన చుట్టపు దొర లచ్చయ్య పిక్కను బూటు కొనతో తట్టి మెచ్చుకున్నాడు. పెద్ద దొర బల్ల ముందు కూర్చుని నన్ను కాగితం రాయమన్నాడు. ఎర్రబోరు లచ్చయ్య అనేవాడికి జీవితాంతం వెట్టి మాఫీ చేయడమైనది, అని చెప్పాడు. రాశాను. రాసి కలం ఆపాను. ఇక్కడ వెట్టి మనిషి లెక్కన కాదు హుజూర్, పొయ్యి లెక్కన. హిందీలో ఆ వాక్యం మొత్తం నోట్లో సిద్ధంగా ఉంది.

“ఏమిటి, మున్షీ?” అన్నాడు దొర, గడియారం చూసుకుంటూ.

“ఏమీ లేదు, హుజూర్,” అన్నాను. మొహరు పడింది.

అప్పుడు వచ్చింది ఆమె. జనం రెండుగా చీలిపోయారు, కాని అది గౌరవంతో కాదు. వెనకవైపుకు తీసుకుపొమ్మని బంట్రోతు అరుస్తున్నా వినకుండా సూటిగా వచ్చి, దొర బల్లకు ఎదురుగా, బహుమతి కాగితం ముందు ఆ కుర్చీ దించింది. దొరలందరూ జేబురుమాళ్లు తీశారు.

“నీదేనంట. ఇంద, నువ్వే దాసుకో,” అంది దొరతో.

“ఏమంటోంది?” అన్నాడు దొర.

“తమకు సలాం చెబుతోంది, హుజూర్,” అన్నాను.

ఆమెకు హిందీ రాదు. సలాం అనే మాట మాత్రం తెలుసు. నా వైపు చూసింది. “ఛీ” అంటుందని ఎదురుచూశాను. అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. తమ్ముణ్ణి లేపి, కాగితం వాడి మొలకు కట్టి, నేరుగా శబరిలోకి దిగింది. పొద్దు వాలే దాకా ఇసుకతో ఒళ్లు రుద్దుకుంటూనే ఉంది.

ఊరివాళ్లు ఆమెను నెల రోజులు ఊరి బయటే ఉంచారు. శుద్ధికి కోడి, కల్లు పెట్టమన్నారు. “దాంట్ల కూసున్నోడికి లేని శుద్ధి మోసినదానికి ఎందుకు?” అందట. చివరికి లచ్చయ్య పెళ్లికి అడ్డొస్తుందని పెట్టింది.

శుద్ధి అయిన పది రోజులకే ఇంకో మకాం వచ్చింది. పటేల్ ఆ పొయ్యికి వంతు వేశాడు. ఆమె, లచ్చయ్య, పటేల్ ముగ్గురూ నా పాకకు వచ్చారు, కాగితం చదవమని. చదివాను. లచ్చయ్య అనేవాడికి మాఫీ. పొయ్యి మాట అందులో లేదు.

“నన్నేం జెయ్యమంటవమ్మా,” అన్నాడు పటేల్. అతను చెడ్డవాడు కాదు. “మీ ఇంట్ల పొయ్యి మండుతున్నది. మనిషి రావాలె. లేకుంటె నా వీపు పగులుతది.”

ఆమె నన్ను చూసింది. “అడిగినవా, మున్షీ?”

నేను బల్ల మీద ఉన్న రిజిస్టరు సర్దాను.

“అడగలే,” అంది తనే.

“నేనే పోత అక్కా. ఆ కాగితం చింపెయ్యి,” అన్నాడు లచ్చయ్య.

“కాలు బైట బెడితె ఇరగ్గొడ్త! మరి దేనికి ఉరికినవ్ రా?” అంది. కాగితం మడిచి వాడి చేతిలో పెట్టింది. పటేల్ వైపు తిరిగి, “ఎప్పుడు రావాలె?” అని అడిగింది.

అప్పటినుంచి ఆ ఇంటి వంతు ఆమెదే. బస్తర్‌లో ఆడవాళ్లు మోయని బరువేమీ లేదు కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు. డేరా మేకులు, పెట్రొమాక్స్ దీపాలు, వంటవాడి డేగిసాలు మోసింది. నేను నాకా కిటికీలోంచి చూసేవాణ్ణి. దొర ఎర్రబోరు వైపు వస్తే కాగితం మార్పించాలని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. దొర రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ నాకు తలనొప్పి వచ్చింది.

మరుసటి ఏడు నాకు దోర్నాపాల్ నాకాకు బదిలీ అయింది. మున్షీలకు కూడా వెట్టి మనుషులు వచ్చే రోజులు. సామానుకు ముగ్గురు కావాలని పటేల్‌కు చీటీ నేనే రాశాను. పొద్దున్నే ముగ్గురు వచ్చారు. మూడో మనిషి ఆమె. వద్దని వెనక్కి పంపించవచ్చు. పంపిస్తే నా ట్రంకుపెట్టె ఎవరు మోస్తారు? ఏమీ మాట్లాడకుండా తాళం వేసి ఇచ్చాను. ఆమె వంగి పెట్టెను వాసన చూసింది. నెత్తిన పెట్టుకుంది. పొలిమేర దాకా ఆమె ముందు, నేను వెనక.

పొలిమేర దగ్గర పక్క ఊరివాళ్లు ఇద్దరే వచ్చారు. చిన్న సామాను వాళ్లు అందుకుని వెళ్లిపోయారు, దాన్ని మోసుకొచ్చిన ఇద్దరూ ఊరికి తిరిగారు. ఆమె ట్రంకుపెట్టె దించి, చుట్టకుదురు విప్పి కొంగు దులుపుకుంది. అక్కడితో ఆమె వంతు అయిపోయింది. ఇక ఇంటికి వెళ్లవచ్చు.

“ఆ కాగితం సంగతి...” అన్నాను. “దోర్నాపాల్ వెళ్లగానే అర్జీ రాస్తాను. పొయ్యికి మాఫీ చేయమని.”

“ఇప్పుడు రాయి,” అంది. “పెట్టెల కాగితమున్నది, కలమున్నది. నేనీడ కూసుంట.”

నిజమే, ఉన్నాయి. ఆమె అంతవరకూ మోసింది వాటినే. తాళంచెవి జేబులో ఉంది.

“దొర దస్తఖతు కావాలి. ఊరికే రాస్తే ఏం లాభం?” అన్నాను. ఎండ ఎక్కుతోంది. రోడ్డు మీద ఎవరూ రావడం లేదు. అప్పుడు మొదటిసారిగా ఆమెను అక్కా అని పిలిచాను, పని పడింది కాబట్టి.

“మూడోవాడు రాలేదు అక్కా. ఆ ముందు ఊరి దాకా కాస్త...”

ఆమె కొంగు మళ్లీ చుట్టి నెత్తిన పెట్టుకుని నా ముందు నిలబడింది.

“ఎత్తు మరి,” అంది.

నేను వంగి, రెండు చేతులతో పెట్టె ఎత్తి ఆమె నెత్తిన పెట్టాను.